శుక్రవారం చూసిన ఇల్లు

మా అమ్మ శుక్రవారం నాడు పొరుగింటికి చిటికెడు ఉప్పు కూడా ఇచ్చేది కాదు. గిన్నె పట్టుకుని వచ్చిన ఆవిణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, "ఇయ్యాల సుక్కురోరం వొదినా, రేపొచ్చి తీసుకెల్దువు" అని పంపేసేది. ఆ రోజు లక్ష్మి గడప దాటి బయటికి పోకూడదని పట్టుదల. అలాంటి మనిషి, ఇల్లు కొనడానికి అడ్వాన్సు శుక్రవారమే ఇద్దామని కూర్చున్నప్పుడు నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. కొత్తింట్లో నా పుస్తకాలకి ఒక గూడు దొరుకుతుందా లేదా అన్నదే నా గోల.

అప్పటికి మేం కలకత్తాలో ఓడలు ఆగే డాక్ పక్కనున్న కూలీ లైన్లలో ఉండేవాళ్ళం. అన్నీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. వరసగా గదులు, గదికో కాపురం, లైను చివర అందరికీ కలిపి ఒకటే కొళాయి. ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి ఆ కొళాయి పక్కన చీర అడ్డం కట్టుకుని స్నానాలు కానిచ్చేవాళ్ళు. నేను స్నానం చేస్తుంటే అమ్మ చీర కొస పట్టుకుని నిలబడేది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న వ్యవహారం కాబట్టి దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

నాన్న క్రేన్ డ్రైవరు. మా లైన్లో ఆ మాటకి పెద్ద విలువ. మిగతా మగవాళ్ళు చాలామంది ఓడల్లోంచి బస్తాలు మోసేవాళ్ళు. నాన్న మాత్రం నిచ్చెనెక్కి పైన గాజు గదిలో కూర్చుని మీటలు లాగేవాడు. నెలలో ఎక్కువ రోజులు రాత్రి డ్యూటీయే. పొద్దున ఏడింటికి వచ్చి, చద్దన్నం తిని, మధ్యాహ్నం దాకా పడుకునేవాడు. ఆ కాసేపూ మా ఇంట్లో గరిటె కూడా చప్పుడు చెయ్యకూడదు. నేను ఒకసారి పలక కింద పడేస్తే అమ్మ నా వీపు పగలగొట్టింది. ఏడుస్తూ కూర్చున్న నన్ను నాన్న దగ్గరికి పిలిచి చెప్పాడు:

"నా సేతిలో మీటుంటాది. కింద మనుసులుంటారు. నాకు కన్ను మూసుకుపోతే నాను సావనమ్మీ, ఆలు సస్తారు."

మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేకపోయింది, నాకు అంత భయం పట్టుకుంది.

అందుకే ఇల్లు కొందామనుకున్నప్పుడు నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే. గదులెన్ని, గాలి ఎటు వస్తుంది, వాన వస్తే నీళ్ళు నిలుస్తాయా, ఇవేమీ అడగలేదు. "పగలు నిద్దరడతాదా?" అన్నాడు.

మేం నాలుగిళ్ళు చూశాం. నాలుగోది మెటియాబ్రుజ్‌లో, నదికి దగ్గరగా, రిక్షా ఒరుసుకుంటూ పోయే సందులో. అమ్మేవాళ్ళు ఒక బెంగాలీ దంపతులు. రెండు గదులు, వంటిల్లు, అరచెయ్యంత పెరడు, పెరట్లో సొంత కొళాయి. ఆ పక్కనే చిన్న స్నానాల గది. దానికి చెక్క తలుపు, లోపలి వైపు ఇనప గడియ. నేను ఆ గడియ వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. అది టక్కుమని పడుతుంటే ఆటగా ఉంది.

మెటియాబ్రుజ్ అంటే దర్జీల ఊరని లోకమంతటికీ తెలుసు. నాన్నకి తెలియదా? "ఇటేపు మిసన్లేటీ నేవు గదా?" అని అమ్మనే అడిగాడు.

"సెవులెట్టి ఇను. ఏటైనా ఇనబడతందా?" అంది అమ్మ.

నాన్న చెవి గోడకి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. పక్కింటికి బోర్డు లేదు, తలుపుకి తాళం వేసుంది. అయినా నాన్నకి తృప్తి కలగలేదు. "అమ్మేవోణ్ణి అడిగితే నిజం సెప్తాడేటి? నాను పడుకుని సూస్తాను" అని, ముందు గదిలో ఉత్త నేల మీద తుండుగుడ్డ తలకింద పెట్టుకుని పడుకున్నాడు. రాత్రి డ్యూటీ చేసి తిన్నగా వచ్చిన మనిషేమో, పది నిమిషాల్లో గురక పెట్టేశాడు. ఇంటాయన గుమ్మంలో నిలబడి నవ్వుతూ, "దాదా, మీరు కొనేది ఇల్లా, మంచమా?" అన్నాడు. నాన్న నిద్రపోతున్నంతసేపూ అమ్మ, ఆ ఇంటావిడ వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నారు. అమ్మకి బెంగాలీ బాగా వచ్చు. బజార్లో చేపలవాళ్ళతో బేరమాడి నేర్చుకున్న భాష, ఎక్కడా తడబడేది కాదు.

అది శుక్రవారం. మంచి రోజని అమ్మే అన్నది. రెండోసారి మళ్ళీ శుక్రవారమే వెళ్ళాం. నాన్న మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ గురక పెట్టాడు. అడ్వాన్సు ఇచ్చే రోజు కూడా శుక్రవారమే అనేసరికి నాన్న ఆగాడు.

"సుక్కురోరం ఉప్పియ్యవు గదే, ఇంత డబ్బెలగిచ్చీమంతావు? లచ్చిమిని బయటికి పంపీమనా?"

"పంపడమేటి మావా? ఇల్లు కొంతన్నాం. లచ్చిమి మనింటికొచ్చినట్టే గదా" అంది అమ్మ, తడుముకోకుండా.

నాన్న నవ్వాడు. ఆవిడ లెక్క ఆవిడకే తెలియాలన్నాడు. మూడోసారి డబ్బు చేతులు మారాక కూడా ఆ గదిలో కాసేపు నడుం వాల్చాడు, అలవాటైపోయి.

గృహప్రవేశమూ శుక్రవారమే. లైన్లో సగం మంది తరలి వచ్చారు. ఓడల్లో బస్తాలు మోసే మా ఊరాయన ఒకడు, నాన్నకి వరసకి తమ్ముడు, రెండు అరటిబోదెలు భుజానేసుకుని ట్రాము, బస్సు ఏవీ ఎక్కనివ్వకపోతే నడిచే వచ్చేశాడు. గుమ్మానికి అవి కట్టి, గుమ్మడికాయ కొట్టి, పాలు పొంగించాం. అందరూ ఒకటే మాట: ఎంత నిమ్మళంగా ఉందో ఇల్లు. అమ్మ పొంగిపోయింది. ఇవాళ తలుచుకుంటే ఆ పొంగుని ఏమనాలో నాకు తెలియదు.

మర్నాడు శనివారం. నాన్న ఏడింటికి వచ్చి, అన్నం తిని, మా కొత్త మంచం మీద పడుకున్నాడు. ఎనిమిదింటికి గోడ మొదలెట్టింది.

గోడే అనాలి, ఇంకేమనాలో తోచదు. ముందు ఒక చోట టకటకమంది. తరవాత నాలుగు చోట్ల. ఇంకాసేపటికి గోడంతా ఒక్కసారిగా వణికింది. గూట్లో పెట్టిన నా పెన్సిళ్ళు దొర్లి కింద పడ్డాయి. స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమంటున్నాయి. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. నోరు తెరుచుకుని గోడవైపు చూస్తున్నాడు. నేనైతే భూకంపమనుకుని పెరట్లోకి పరిగెత్తాను. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. ఆవిడ కూడా కొయ్యబారిపోయిందనుకున్నాను.

"ఏటది?" అన్నాడు నాన్న.

లుంగీ మీదే పక్కింటికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. కోపం వస్తే నాన్న బెంగాలీ మూడో మాటకే తెలుగైపోతుంది, ఎవరో ఒకరు సర్దాలి. నిన్న తాళం వేసి ఉన్న తలుపు ఇవాళ బార్లా తెరిచి ఉంది. లోపల పొడుగాటి రేకుల గది. చెక్క బల్లల మీద రెండు వరసల్లో తొక్కుడు మిషన్లు, ఒక్కోదాని ముందు ఒక మనిషి. అందరూ చిన్నపిల్లల గౌన్లే కుడుతున్నారు. మా గోడకి ఆనుకుని కాజాలు కుట్టే మిషను ఒకటి, అన్నిటికంటే పెద్ద గొంతుతో. ఆ పక్కనే బల్ల మీద బొగ్గు ఇస్త్రీపెట్టెని ఎత్తి దబ్బుమని వేస్తున్నారు.

అలాంటి కార్ఖానా యజమానిని అక్కడ ఓస్తాగర్ అంటారు. తెల్ల గడ్డం, మెడలో కొలత టేపు. మమ్మల్ని చూసి స్టూళ్ళు వేయించి, టీ తెప్పించాడు. నాన్న టీ ముట్టుకోకుండా గట్టిగా అరిచి చెప్పాల్సినదంతా చెప్పాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఇది మా నాన్న కాలం నుంచీ నడుస్తోంది దాదా. కొనేముందు ఒక్కసారైనా వచ్చి చూసుకోలేదా?"

"మూడుసార్లు సూసినాం! మూడుసార్లు పడుకున్నాను గూడా!"

"ఏ రోజు వచ్చారు?"

నాన్న చెప్పాడు. ఓస్తాగర్ చేత్తో సైగ చేస్తే మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆ గదిలో ఉన్న వాళ్ళందరూ నాన్నవైపు చూశారు. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"శుక్రవారం జుమ్మా కదా దాదా, నమాజు రోజు. మాకు సెలవు" అన్నాడాయన మెల్లగా.

అదే ఊళ్ళో అన్నేళ్ళు బతికి ఆ మాత్రం తెలియదా అని మీరడగచ్చు. తెలుసు. దర్జీలు శుక్రవారం పని చెయ్యరని మాకూ తెలుసు, నిజానికి నాకు రెండోసారే గుర్తు రావాల్సింది. కానీ మా తలల్లో శుక్రవారమంటే పసుపు, కుంకుమ, గడపకి ముగ్గు. అది ఇంకొకరికి ఇంకో రకంగా కూడా శుక్రవారమేనన్న సంగతి తట్టలేదు. నాన్న స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. ఎప్పుడూ ఎత్తుమీద కూర్చునే మనిషిని అంత చిన్నగా చూడ్డం నాకదే మొదలు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మా, ఎంత పని జరిగిపోయింది!" అంది. నాకు అమ్మ మీద జాలేసింది. లక్ష్మి మీద మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజుల్లో కలకత్తాలో ఏ తగువైనా పార్టీ ఆఫీసుకే వెళ్ళేది. మొగుడూపెళ్ళాల కొట్లాట, మురిక్కాలవ, కొళాయి దగ్గర వంతులు, అన్నీ అక్కడే తేలాలి. నాన్నా యూనియన్ మనిషే, ఓస్తాగర్ దగ్గర కుట్టేవాళ్ళూ యూనియన్ మనుషులే. ఎర్రజెండా కింద క్యారమ్స్ ఆడుతున్న పార్టీ దాదా ఆట ఆపి ఇద్దరి మాటా విన్నాడు. తల గోక్కున్నాడు. "అటూ కార్మికులే, ఇటూ కార్మికుడే. ఎవరి మీద పోరాడమంటారు?" అన్నాడు పాపం. చివరికి కాజా మిషను అవతలి గోడకి జరపాలనీ, మధ్యాహ్నం ఒక గంట అందరూ ఆపాలనీ తీర్పు చెప్పాడు. ఓస్తాగర్ మంచివాడు, రెండూ చేశాడు. ఇస్త్రీ బల్ల కింద గోనెసంచులు కూడా పరిపించాడు. సందులో అమ్మ కనిపిస్తే, "బౌదీ, కాస్త తగ్గిందా?" అని అడిగేవాడు. వదినగారూ అన్నట్టు. అమ్మ తలొంచుకుని వెళ్ళిపోయేది.

తగ్గలేదు. నాన్న చెవుల్లో దూది పెట్టుకున్నాడు, దాని మీద తలగుడ్డ చుట్టుకున్నాడు. చప్పుడు చెవుల్లోంచి కాదు, మంచం కోళ్ళలోంచి వస్తోందనేవాడు. కరెంటు పోతే అయినా ఆగుతాయేమో అని ఆశపడ్డాం. తొక్కుడు మిషన్లకి కరెంటుతో ఏం పని? మా ఫ్యాను ఆగింది, అవి ఆగలేదు. లైన్లోకి పోయి స్నేహితుల గదుల్లో పడుకుని చూశాడు, అక్కడ పిల్లల గోల. దుర్గాపూజల పండగ దగ్గరపడేసరికి ఓస్తాగర్ ఆపుతానన్న గంట కూడా ఆపలేకపోయాడు. ఊరంతటికీ పిల్లల గౌన్లు కావాలి మరి. వారానికి ఒక్క రోజు, ఆ శుక్రవారం మాత్రం, నాన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా చచ్చినట్టు నిద్రపోయేవాడు. మిగిలిన ఆరు రోజులూ కళ్ళు చింతనిప్పులు.

ఒకరోజు అన్నం తింటూ, "అమ్మీసి పోదామే" అన్నాడు.

"అమ్మను" అంది అమ్మ. అంత గట్టిగా ఆవిడ నాన్నకి ఎదురు చెప్పడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"కొనేవోడికి మనం గూడా సుక్కురోరమే సూపిద్దాం" అని నాన్న నవ్వబోయాడు. అమ్మ కంచం ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. సరదా మాటకి ఇంత కోపమేమిటా అని నేనూ నాన్నా ముఖముఖాలు చూసుకున్నాం.

పూజలు ఇంకా మొదలవలేదు. ఒకరోజు నాన్న ఏడింటికి రాలేదు, తొమ్మిదయ్యాక వచ్చాడు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. పక్కన మిషన్లు హోరెత్తుతున్నాయి. ఆ హోరులో నాన్న చెప్పిన మాటలు సగం పెదవుల కదలిక చూసే తెలుసుకున్నాను. గోనెల కట్ట ఓడలోకి దించుతున్నాడు. కింద నిలబడి సైగలు చేసే మనిషి ఆపమని చెయ్యెత్తాడు. నాన్న చూడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయట, అయినా చూడలేదు. కట్ట ఓడ అంచుకి కొట్టుకుని ఒరిగిపోయింది. కింద ఉన్న ఒకడు తప్పుకోబోయి పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

"ఎవులు?" అంది అమ్మ.

మా గృహప్రవేశానికి అరటిబోదెలు మోసుకొచ్చిన ఆయన.

బతుకుతాడన్నారు, బతికాడు కూడా. కానీ మళ్ళీ బస్తా మొయ్యలేదు. నాన్న మీద అతను ఒక్క ముక్క ఫిర్యాదు చెయ్యలేదు, తాడు జారిందని చెప్పాడు. ఆ అబద్ధం నాన్నని ఇంకా కుంగదీసింది. మూడోనాడు తనే పెద్ద ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, తనని క్రేను మీంచి దింపెయ్యమని అడిగాడు. యూనియన్ వాళ్ళు వద్దంటే వాళ్ళమీద అరిచాడు. గేటు దగ్గర పగటి కాపలా ఇచ్చారు. పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళి, లారీల వెనకాల నిలబడి కాగితాలు చూసి, సాయంత్రం వచ్చేసేవాడు. రాత్రులు పడుకునేవాడు. ఇప్పుడు ఆ మిషన్లతో మాకు ఏ ఇబ్బందీ లేదు. ఇల్లు కొన్నాక మాకు సుఖంగా ఉన్నది అప్పట్నుంచే, సిగ్గులేకుండా చెప్పాలంటే.

పండగ సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ పాత ఇంటావిడ వచ్చింది. ఆమె పేర ఇంకా ఈ ఇంటికే ఉత్తరాలు వస్తున్నాయి, తీసుకెళ్ళడానికి. అమ్మ బజారుకి వెళ్ళింది. నేను ఉత్తరాలు తెచ్చి ఇచ్చాను. ఆవిడ గోడవైపు చూసి ముఖం చిట్లించింది.

"ఎలా భరిస్తున్నారమ్మా? ఈ మిషన్ల వల్లే కదా నా తలనొప్పులు. ఇల్లు వదులుకున్నదే అందుకు."

"మాకు తెలియదండీ. మేం శుక్రవారాలే వచ్చాం" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అదేమిటి? మొదటి రోజే మీ అమ్మకి చెప్పాను కదా. వంటింట్లో నిలబడి. ఇవాళ సెలవు కాబట్టి ఇలా ఉంది, ఇంకో రోజు వచ్చి వినమని నేనే చెప్పాను. పాపం నా మీద పడకూడదని చెప్పాను. తనకి తెలుసునంది. ఫరవాలేదంది."

ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో నాకు గుర్తులేదు. అమ్మ సంచీతో లోపలికొచ్చేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఉప్పు ఇవ్వని శుక్రవారాలు, అడ్వాన్సు ఇచ్చిన శుక్రవారం, నాన్న గురక పెట్టిన శుక్రవారాలు, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి.

"నీకు తెలుసు" అన్నాను.

అమ్మ సంచీ దింపలేదు. ఎవరు వచ్చారని అడగలేదు.

"తెల్సు."

"నాన్న క్రేను పోయింది. బాబాయి కాలు పోయింది. అంతా నీ వల్లే. సుక్కురోరం, సుక్కురోరం అని మమ్మల్ని తిప్పావు. ఏ ముఖంతో పాలు పొంగించావు?" అమ్మతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు పగిలేలా అరిచాను. అరుపు మిషన్ల హోరులో కలిసిపోయింది, సందులో ఎవరికీ వినబడి ఉండదు.

"అలవాటైపోద్దనుకున్నాను. డాకులో అంత సప్పుడులో పన్జేసే మనిసి గదా, పది రోజుల్లో అలవాటైపోద్ది అనుకున్నాను" అంది అమ్మ. తరవాత సంచీ నేల మీద పెట్టి నావైపు తిరిగింది.

"లైన్లో నువ్వు తానం సేసినప్పుడు నాను సీరట్టుకుని నిలబడీదాన్ని గదా. ఎందుకనుకున్నావు? ఎదర గొడౌను మీదెక్కి రోజూ సూసీవోడొకడు. నాను సీర ఎటు లాగితే వోడు అటు జరిగీవోడు. మీ నాన్నకి సెప్తే వోణ్ణి నరికీసి జైలుకెల్లిపోయీవోడు. సెప్పకపోతే నువ్వెదిగిపోతన్నావు. నాలుగిల్లు సూసినాం. మనకందిన వాటిల్లో తలుపుకి లోపల గడియున్నది ఇదొక్కటే."

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంకా అరవాలనీ ఉంది, ఆవిడ కాళ్ళ మీద పడాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. అమ్మ కూరగాయలు తీసి కడగడం మొదలెట్టింది.

సాయంత్రం నాన్న వచ్చాడు. చెప్పలేదు. ఆ రోజే కాదు, ఆయన ఉన్నన్నాళ్ళూ మేం చెప్పలేదు. శుక్రవారం ముచ్చట వచ్చినప్పుడల్లా ఆయన తన బుర్ర తక్కువతనానికి తనే నవ్వుకునేవాడు, అమ్మా నేనూ ఆయనతో కలిసి నవ్వేవాళ్ళం.

మర్నాడు పొద్దున స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. గడియ మీద చెయ్యి వేశాక ముందుకి తొయ్యబుద్ధి కాలేదు. గోడవతల మొదటి మిషను అప్పుడే మొదలైంది. పెరట్లోంచి నాన్న, "బేగి కానీ అమ్మీ, గేటుకాడికి నాకు ఆలీసమైపోద్ది" అని కేకేశాడు. వస్తున్నానని చెప్పి, గడియ పెట్టుకున్నాను.